భీముని కొలను నుంచి కైలాసద్వారం దాకా

శ్రీశైలానికి ఒక వాకిలి ఉంది. బస్సులో వెళ్లేవాళ్లకు అది కనిపించదు. దోర్నాల నుంచి ఘాట్ రోడ్డెక్కి, శిఖరేశ్వరం దగ్గర ఆగి, సాక్షి గణపతికి దండం పెట్టుకుని నేరుగా క్షేత్రంలో దిగిపోతాం. హైదరాబాదు వైపు నుంచి వచ్చేవాళ్లు మన్ననూరు, ఈగలపెంట దాటి డ్యామ్ చూసుకుంటూ వస్తారు. ఎటు నుంచి వచ్చినా ఆ వాకిలి తగలదు. హాటకేశ్వరం దగ్గర రోడ్డు వదిలి అడవిలోకి కొన్ని కిలోమీటర్లు నడిస్తే, కొండ అంచున, లోయ నోటి మీద ఒక రాతి ద్వారం నిలబడి ఉంటుంది. పేరు కైలాసద్వారం. దానికవతల నేల ఒక్కసారిగా కిందికి జారిపోతుంది. అడుగున భీముని కొలను. కొలను నుంచి ద్వారం దాకా చెట్ల మధ్య నిట్టనిలువుగా లేచిన మెట్లదారే ఒకప్పటి శ్రీశైల యాత్రలో ఆఖరి ఎక్కుడు.

నిడివి చూస్తే ఏమంత కాదు. ఎనిమిది వందల పైచిలుకు మెట్లంటారు. దమ్మున్నవాళ్లు గంటలోపే ఎక్కేస్తారు. కానీ వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టి, నాగలూటి, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి దాటి, అరికాళ్లు బొబ్బలెక్కి కొలనులోకి దిగిన మనిషికి అన్నిటికన్నా చివర్న ఎదురయ్యే ఎక్కుడిది. ఒంట్లో శక్తంతా అయిపోయాక మొదలయ్యే ఎక్కుడు. శ్రీశైలం గుడి ఇక్కణ్నుంచే మొదలవుతుందని నా నమ్మకం.

నేను ఉండేది బహ్రెయిన్‌లో, మనామా నగరంలోని మహూజ్‌లో. సందుకొక కోల్డ్ స్టోర్, మూడు నాలుగంతస్తుల ఫ్లాట్లు, ప్రహరీల మీంచి తొంగిచూసే ఖర్జూర చెట్లు. ఎంత దూరం నడిచినా నేల పైకి లేవదు. దేశం మొత్తంలో ఎత్తైన చోటు జబల్ అల్ దుఖాన్, సముద్ర మట్టానికి 134 మీటర్లు. గల్ఫ్‌లో అరబ్బుల తీరాన మొదటిసారి చమురు పడింది ఆ గుట్ట పాదాల దగ్గరే, 1932లో. అక్కడికి కొంత దూరంలో ఇసుకలో ఒంటరిగా నిలబడ్డ ముసలి చెట్టు ఒకటుంది. వయసు నాలుగు వందల ఏళ్లకు పైనే అంటారు. షజరత్ అల్ హయాత్ అని పేరు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూసి ఫొటోలు దిగి వెళ్తారు. అది మన జమ్మి చెట్టే. మొదటిసారి ఆకు చేత్తో పట్టుకుని చూసి గుర్తుపట్టినప్పుడు నాకు కడుపు నిండిపోయింది. దసరా దగ్గర పడితే ఒకసారి వెళ్లి దండం పెట్టుకుని వస్తాను.

జమ్మి దొరికింది గానీ కొండ దొరకలేదు. మాది ఆత్మకూరు. నల్లమల అంచున పెరిగినవాళ్లకు ఏ వీధి చివర నిలబడ్డా అటువైపు నల్లగా కొండల వరుస కనిపించడం అలవాటు. అది లేని చోట కళ్లు ఎంతదూరం పోయినా ఆనుకోవడానికి ఏమీ ఉండదు. గల్ఫ్‌లో ఉన్న ఏళ్లలో నన్ను బాధపెట్టినవాటిలో ఎండ ఒకటి కాదు, ఒంటరితనం కూడా అంతగా కాదు. ఎత్తు లేకపోవడమే. అందుకే ఈసారి ఉగాదికి సెలవు దొరుకుతుందని తెలిసినప్పుడు, ముందు అనుకున్నది భీముని కొలను ఎక్కాలనే. రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక లిఫ్టు మానేసి బిల్డింగు మెట్లు పైదాకా ఎక్కి దిగడం మొదలుపెట్టాను. మహూజ్‌లో కొండకు సాధన చేయడానికి ఉన్న దారి అదొక్కటే.

మహూజ్‌లో మరొకటి కూడా నేర్చుకున్నాను, అది ఈ దారికి బాగా పనికొచ్చింది. అక్కడ షేక్ మైథమ్ సమాధి ఉన్న మసీదుంది. ఆయన 13వ శతాబ్దపు పండితుడు, నహ్జుల్ బలాఘా గ్రంథానికి పేరున్న వ్యాఖ్యానం రాసినవాడు. ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగిన పెద్దాయనొకరు నాతో పనిచేస్తారు. అర్బయీన్ యాత్ర రోజులకు ఇరాక్ వెళ్లి, నజఫ్ నుంచి కర్బలాకు ఎనభై కిలోమీటర్ల దాకా నడిచి వస్తారాయన. ఆ నడక సంగతి చెప్పమంటే తన కాళ్ల గురించి ఒక్క ముక్క చెప్పరు. దారి పొడుగునా గుడారాలు వేసి, వచ్చే పోయేవాళ్లను చేయి పట్టుకుని లాగి కూర్చోబెట్టి అన్నం పెట్టేవాళ్ల గురించీ, ముక్కూమొహం తెలియనివాళ్ల పాదాలు కడిగి నూనె రాసేవాళ్ల గురించీ చెబుతారు. ఏడాదంతా కూడబెట్టింది ఆ కొన్ని రోజుల్లో ఖర్చుపెట్టేస్తారట, ఒక్కొక్క పేద కుటుంబం. వింటూ ఉంటే చిన్నప్పుడు మా ఊరి మీదుగా పోయే కన్నడం వాళ్లు గుర్తొచ్చేవారు. ఉగాదికి ముందు ఆత్మకూరు రోడ్డు మీద రాత్రింబవళ్లు నడిచే మనుషులు. మా అవ్వ వాకిట్లో కాగు నిండా నీళ్లు పోయించి, గ్లాసు పెట్టి, పక్కనే మంచం వేసుకుని పడుకునేది.

కన్నడం వాళ్లని మేము అనేది బెళగావి, బాగల్‌కోట, విజయపుర, రాయచూరు వైపు నుంచి వచ్చేవాళ్లను. షోలాపూరు వైపు మరాఠీవాళ్లు కూడా ఉంటారు. భ్రమరాంబ వాళ్ల ఇంటి ఆడపడుచు అనీ, మల్లయ్య అల్లుడనీ నమ్మకం. ఉగాదికి బిడ్డకు చీర, సారె పట్టుకుని పుట్టింటివాళ్లు రావాలి కదా, అలా వస్తారు. వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. 12వ శతాబ్దంలో అక్క మహాదేవి, అల్లమ ప్రభువు వచ్చి శివుడిలో ఐక్యమైంది ఈ కొండల్లోనే అంటారు కాబట్టి వీరశైవులకు ఇది పుట్టిల్లే. చెంచులకేమో మల్లన్న తమ పిల్లను చేసుకున్న అల్లుడు. ఒక్క దేవుణ్ని ఇంతమంది అల్లుణ్ని చేసుకున్న క్షేత్రం ఇంకొకటి నాకు తెలియదు.

దారి మీద మన తెలుగువాళ్లకూ హక్కు తక్కువేమీ కాదు. శ్రీశైల యాత్రను తెలుగులో మొదట విస్తారంగా రాసింది పాల్కురికి సోమనాథుడు. ఆయన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అని ఏకంగా ఒక భాగమే ఉంది. కాకతీయ రాజ్యం 1323లో కూలాక తీరాంధ్రలో నిలదొక్కుకుని, ఎర్రాప్రగడ హరివంశానికి కృతిభర్త అయిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించాడు. చుట్టూ యుద్ధాలు. కోటలు కట్టుకోవాల్సిన కాలం. అలాంటి కాలంలో ముక్కూమొహం తెలియని యాత్రికుడి కాలు జారకుండా ఉండాలని కొండకు మెట్లు పరిపించిన రాజు మీద నాకు చెప్పలేనంత గౌరవం. ఈ భీముని కొలను మెట్లూ ఆయన కాలానివేనని ఇక్కడివాళ్ల మాట. ఆ వంశంవాడే అనవేమారెడ్డి 1377లో గుళ్లో వీరశిరోమండపం కట్టించాడు. 1677లో శివాజీ వచ్చాడు. 1794లో కాలిన్ మెకంజీ వచ్చి, చూసిందంతా రాసి ఆసియాటిక్ రిసెర్చెస్‌లో అచ్చేయించాడు.

వీళ్లందరిలో నాకు దగ్గరివాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీకి పోతూ, దారిలో మా ఆత్మకూరు మీదుగా ఈ అడవిలోకొచ్చాడు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొల్లం, ఈ పేర్లన్నీ ఆయన పుస్తకంలో ఉన్నాయి. కాశీయాత్ర చరిత్ర ఆయన పోయాక 1838లో అచ్చయింది. యాత్ర రాయడం అంటే ఏమిటో తెలుగుకు చూపించిన ఆ పుస్తకంలో మా ఊరి పేరు ఉండటం మా చిన్నాయనకు పెద్ద సంబరం. బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాడు. తన క్లాసులో ప్రతి ఏడూ పిల్లలకు ఆ పేజీలు చదివి వినిపించేవాడు. కుర్రతనంలో వెంకటాపురం నుంచి ఎన్నోసార్లు నడిచిన మనిషి.

"మొత్తం దారి నడిస్తే బాగుండు అబ్బీ. నీకేమో సెలవు లేదు, నాకేమో మోకాళ్లు లేవు. కొలనులోకి దిగి ఎక్కుదాం. అసలు సత్తువ తెలిసేది ఆడనే" అన్నాడు.

ఈ అడవి పెద్దపులుల అభయారణ్యం. నాగార్జునసాగర్–శ్రీశైలం రిజర్వు విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. బహ్రెయిన్ దేశాన్ని నాలుగుసార్లు ఇందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. మామూలు రోజుల్లో ఎవరుబడితే వాళ్లు ఈ అడవిలోకి పోకూడదు. శివరాత్రికీ ఉగాదికీ మాత్రం నడిచి వచ్చేవాళ్ల కోసం అటవీశాఖ దారి తెరుస్తుంది. అందుకే మేము ఉగాదికి ముందు, జనం ముమ్మరంగా ఉన్న రోజుల్లో వెళ్లాం. హాటకేశ్వరం దగ్గర తెల్లవారకముందే దిగి మట్టిబాట పట్టాం.

ఎదురుగా జనం వస్తూనే ఉన్నారు. రాత్రి మఠంబావి దగ్గరో కొలను దగ్గరో పడుకుని, చీకటితో ఎక్కి వచ్చినవాళ్లు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, తలకు గుడ్డ, నుదుటి నిండా విభూతి. భుజాల మీద కంబి మోస్తున్నవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు. మేము ఎదురు పోతుంటే వింతగా చూసి, "మల్లయ్యా" అని చేయెత్తి పలకరించారు. చిన్నాయన ప్రతి ఒక్కరికీ బదులు పలికాడు. మోదుగలు పూసి రాలిపోతున్నాయి. తపసి చెట్లు ఒక్క ఆకు లేకుండా, తెల్లటి బెరడుతో ఆ మసక వెలుతురులో ముందే కనిపించాయి. తపసి బంక చెంచులకు జీవనాధారం. చెట్టుకు గాటు పెట్టి, కారిన బంక ఆరాక తీసుకుంటారు. గాటు ఎక్కువైతే చెట్టు చస్తుంది, అది వాళ్లకు తెలుసు. దారిలో కనిపించిన అటవీశాఖ వాచరు చెంచు కుర్రాడే. పులి అడుగులు చూపిస్తావా అని అడిగితే, "జనం ఇంత గోల చేస్తుంటే అది ఎందుకొస్తది సార్, పండగైపోయినాక వస్తది" అన్నాడు.

ద్వారం దగ్గరికి చేరేసరికి వెలుగొచ్చింది. పెద్ద కట్టడమేమీ కాదు. రాతి స్తంభాలు, పైన అడ్డరాళ్లు, కింద గడప. ఆ గడపకు ఇవతల చదును నేల, అవతల లోయ. ఇటు నుంచి గడప దాటితే దిగడం, అటు నుంచి దాటితే ఎక్కడం అయిపోయినట్టు. రెండు ప్రపంచాలకు మధ్య ఒక్క అడుగు. ఎదుట కొండల మీద కొండలు, అన్నీ పైన చదునుగా కోసినట్టున్నాయి. ఇక్కడి రాయికి భూగర్భ శాస్త్రజ్ఞులు శ్రీశైలం క్వార్ట్‌జైట్ అని ఊరి పేరే పెట్టారు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఇసుక, నీళ్ల అడుగున పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి రాయైంది. చాలా గట్టి రాయి, ఎండకూ వానకూ తొందరగా అరగదు. అందుకే అంచు అంత నిటారుగా నిలిచింది, అందుకే ఈ ఎక్కుడు ఇంత కఠినం.

దిగడం మోకాళ్లకు శిక్ష. చిన్నాయన చేతికర్ర ఆనించుకుంటూ, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టుకు రెండు కాళ్లూ పెట్టి దిగాడు. ఆయన వేగంతోనే దిగడం వల్ల మెట్లను బాగా చూడగలిగాను. ఏ రెండూ ఒక కొలతలో లేవు. ఒకటి జానెడెత్తు, పక్కది మోకాలెత్తు. కొన్నిచోట్ల చెట్టు వేళ్లు రాయిని పక్కకు నెట్టి తామే మెట్టయి కూర్చున్నాయి. ఒక మెట్టు మీద కూర్చుని చేత్తో తడిమి చూశాను. అంచుల దగ్గర రాయి ఇంకా గరుకుగానే ఉంది, ఇసుకరేణువులు చేతికి తగులుతాయి. నడుమ మాత్రం గుంట పడి, నూనె రాసినట్టు నున్నగా ఉంది. ఆ గుంటలో నిన్న ఎవరో వెలిగించిన కర్పూరం మసి, దాని మీద విభూతి వేళ్ల మూడు గీతలు, పక్కన ఎండిన మారేడు రెబ్బ. ఇంత గట్టి రాయి అరగడానికి ఎన్ని పాదాలు పట్టి ఉంటుంది! అందులో చెప్పులేసుకున్నవాళ్లెంతమంది ఉంటారు! రాయి అరగదని రెండు నిమిషాల కిందట అనుకున్నవాణ్ని, మళ్లీ ఒకసారి దాని మీద చేయి పెట్టి చూశాను.

లోయ అడుగున చల్లగా ఉంది. రెండు వైపులా కొండ గోడలు, నడుమ వాగు. ఎండాకాలం కాబట్టి పారుదల సన్నగా ఉంది గానీ మడుగుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. అరణ్యవాసంలో ద్రౌపదికి దాహమైతే భీముడు గదతో కొట్టాడనీ, కొండ చీలి నీళ్లు పడ్డాయనీ కథ. నడిచొచ్చిన దాహంతో ఇక్కడికి చేరినవాడెవడూ ఆ కథను ప్రశ్నించడు. జనం స్నానాలు చేస్తున్నారు. బట్టలు బండల మీద ఆరేశారు. ఒక పక్క మూడు రాళ్ల పొయ్యి మీద టీ మరుగుతోంది. మర్రి కొమ్మల్లో కొండముచ్చులు ఎవరి సంచీ మీద ఎవరి చూపు లేదో చూసుకుంటున్నాయి.

బండ మీద కూర్చున్న ఒక కుటుంబం మమ్మల్ని పిలిచింది. "బన్నీ, ఊట మాడి" అంది పెద్దామె. వద్దనే అవకాశం ఇవ్వలేదు. గుడ్డమూట విప్పి కటిక రొట్టె తీసింది. జొన్న రొట్టెను పలచగా కొట్టి, కాల్చి, ఎండబెట్టి అప్పడంగా చేసుకుంటారు. నెల రోజులున్నా చెడదు, నడిచేవాళ్లకు అంతకన్నా మంచి తిండి లేదు. దాని మీద ఎర్రగా పల్లీల పొడి చల్లి, ఒక చుక్క నూనె వేసి ఇచ్చింది. విరిస్తే ఫట్‌మని చప్పుడు. మొదట పొడిగా ఉంటుంది, నములుతుంటే జొన్న తీపి నెమ్మదిగా నోట్లోకి వస్తుంది, వెనకే కారం. బాగల్‌కోట జిల్లాలో పల్లెటూరట వాళ్లది. పన్నెండు రోజులుగా నడుస్తున్నారు. పెద్దామె అరికాళ్లకు గుడ్డ పీలికలు చుట్టి ఉన్నాయి. నేను గల్ఫ్ నుంచి వచ్చానని చిన్నాయన చెబితే, "ఇంత దూరం నుంచి మల్లయ్య దగ్గరికొచ్చావా" అని నా తల నిమిరింది. విమానంలో కొన్ని గంటల్లో వచ్చినవాణ్ని. ఆమె ముందు ఆ దూరం గురించి మాట్లాడడానికి నాకు నోరు రాలేదు.

ఎక్కడం మొదలుపెట్టాం. మొదట్లో అందరికీ మాటలుంటాయి. ఒకరు భజన ఎత్తుకుంటారు, ఒకరు పిల్లలకు కథ చెబుతారు. వందో మెట్టు దాటేసరికి మాటలు ఆగిపోతాయి. ఇక వినబడేది ఊపిరే. ఎవరి ఊపిరి వాళ్లకూ, ముందువాడి ఊపిరి వెనకవాడికీ. దారి సన్నం కాబట్టి వరుసగా ఎక్కాలి, ముందువాడు ఆగితే అందరూ ఆగాలి. ఆగినప్పుడు ఎవరూ విసుక్కోలేదు. నా ముందొక నడివయసు మనిషి మరకాళ్లు విప్పి భుజానికి కట్టుకుని ఎక్కుతున్నాడు. చదును నేల మీదంతా ఆ కర్రలెక్కే నడిచి వచ్చాడట, మొక్కు. ఇక్కడ మెట్ల మీద అవి నిలవవు. పైన ద్వారం దాటాక మళ్లీ కట్టుకుంటానన్నాడు. ఆయనకు ముందు ఒకావిడ వంగి ప్రతి మెట్టుకూ విభూతి పెడుతూ పోతోంది. పైనుంచి ఎవరో "మల్లయ్యా" అంటే కిందిదాకా ఆ పిలుపు దిగుతుంది, అడుగు నుంచి బదులు పైదాకా ఎక్కుతుంది. ఆ పిలుపుకు బలముంది, నా కాళ్లకు తెలిసింది.

సగం ఎక్కాక చిన్నాయన ఒక బండ మీద కూలబడ్డాడు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది. నాకు భయమేసి, "చిన్నాయనా, ఇక్కడే కాసేపు పడుకో. తొందరేం లేదు" అన్నాను. ఆయన మాట్లాడకుండా చేత్తో పైకి చూపించాడు. చెట్ల కొమ్మల సందులోంచి ఇంకా చాలా ఎత్తున ద్వారం స్తంభం ఒకటి కనిపిస్తోంది. ఈ దారి గొప్పతనం అదే. ఏడు కొండల మెట్లెక్కేటప్పుడు చివర ఎక్కడుందో తెలియదు. ఇక్కడ చివర కనిపిస్తూ ఉంటుంది. కనిపించడం వల్ల దగ్గరవదు, కానీ లేచి నిలబడతాం.

అప్పుడే పైనుంచి ఇద్దరు కుర్రాళ్లు బిందెలతో దిగారు. మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చున్నవాళ్ల కోసం వెతుక్కుంటూ నీళ్లు తెస్తున్నారు. ఒకడు చిన్నాయన దోసిట్లో నీళ్లు పోస్తుంటే, రెండోవాడు అడక్కుండానే కింద కూర్చుని ఆయన పిక్కలు ఒత్తడం మొదలుపెట్టాడు. చిన్నాయన కాళ్లు వెనక్కి లాక్కోబోయాడు. పంతులుగా బతికిన మనిషికి పరాయి పిల్లాడు కాళ్లు పట్టుకోవడం ఇబ్బందే. ఆ కుర్రాడు వదల్లేదు. "ఇవి మల్లయ్యన కాళ్లు అజ్జా" అన్నాడు కన్నడంలో. చిన్నాయన కళ్లు తుడుచుకోవడం చూసి నేను అటు తిరిగాను.

పైన ద్వారం ఇవతల షామియానాలు. దేవస్థానం వాళ్ల నీళ్ల ట్యాంకులున్నాయి, వైద్య శిబిరం ఉంది. వాటి పక్కనే కర్ణాటక పల్లెల నుంచి లారీల్లో సామాను వేసుకొచ్చి గుడారాలు దించినవాళ్లు ఉన్నారు. ఒకచోట అన్నం సాంబారు, ఒకచోట అంబలి, ఒకచోట మజ్జిగ. ఒక గుడారంలో వరసగా మనుషుల్ని పడుకోబెట్టి అరికాళ్లకు నూనె రాస్తున్నారు. బొబ్బలు చిట్లినవాళ్లకు పసుపు పెట్టి కట్టు కడుతున్నారు. కర్బలా దారి గురించి మా మహూజ్ పెద్దాయన చెప్పిందంతా నా కళ్లెదుట ఉంది, దేవుడి పేరు ఒక్కటే వేరు. రాళ్లు పరిపించి వేమారెడ్డి ఒక పని చేశాడు. ఏటేటా ఈ నూనె గిన్నెలు, ఈ మజ్జిగ కుండలు మోసుకొచ్చేవాళ్లు రెండో పని చేస్తున్నారు. రెండోది ఆగిపోతే మొదటిది అడవి మింగేస్తుంది.

మా ఆత్మకూరు వైపు ఊళ్లలోనూ అన్నం పెట్టేవాళ్లు ఉన్నారు, తక్కువ చేసి చెప్పను. కానీ మెట్ల మీద నాకు తెలుగు మాట చాలా కొద్దిగా వినిపించింది. ఆ కొద్దిమందీ ఎక్కువగా రాయలసీమ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. మనకు రోడ్డు వచ్చింది, బస్సు వచ్చింది, ఆన్‌లైన్‌లో దర్శనం టికెట్ వచ్చింది. రోడ్డు తప్పని అనను, ముసలివాళ్లకూ రోగులకూ అది వరం. కానీ ఒంట్లో ఓపికున్న మనం కూడా ఈ వాకిలిని వదిలేసి పక్కదారిన ఇంట్లోకి పోతున్నాం. పర్వత ప్రకరణం మన భాషలో ఉంది, కాశీయాత్ర చరిత్ర మన భాషలో ఉంది, మెట్లు మన రాజు కట్టించాడు. నడిచేదేమో పొరుగు రాష్ట్రంవాళ్లు. వాళ్ల వల్లే దారి బతికుంది. శ్రీశైలం వెళ్లే ప్రతి తెలుగు కుటుంబంలో ఒక్కరైనా, జీవితంలో ఒక్కసారైనా, దారి తెరిచే ఆ రోజుల్లో కొలనులోకి దిగి పైకి ఎక్కి లోపలికి రావాలని నాకు గట్టిగా ఉంది. చేతికర్ర ఒకటి, నీళ్లు పోసుకోవడానికి చెంబో సీసానో, తెల్లవారకముందే మొదలుపెట్టే ఓపిక ఉంటే చాలు. ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా లోయలో వదలకూడదు. అది పులి ఇల్లు, చెంచుల ఇల్లు. మనం చుట్టాలం.

గడప దాటేటప్పుడు చిన్నాయన వంగి రెండు చేతులతో రాయిని ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. నేనూ అద్దుకున్నాను. మరకాళ్ల మనిషి పక్కకు కూర్చుని తాళ్లు బిగించుకుంటున్నాడు. హాటకేశ్వరం దాకా నడిచి, ఫాలధార పంచధారలో నీళ్లు తాగి, మధ్యాహ్నానికి క్షేత్రం చేరాం. దర్శనం క్యూలో చాలాసేపు నిలబడ్డాం. ఆ సంగతి ఇంకెవరైనా రాస్తారు.

మహూజ్ తిరిగొచ్చాక పెద్దాయనకు అంతా చెప్పాను. మెట్లెన్ని, ఎత్తెంత అని అడగలేదు. కుర్రాళ్లు బిందెలతో కిందికి దిగి వచ్చారన్న దగ్గర ఆపి, మళ్లీ చెప్పమన్నారు. వచ్చే ఉగాదికి ఆత్మకూరు నుంచి మేము కూడా పెద్దచెరువు దగ్గర చలివేంద్రం పెట్టాలనుకుంటున్నాం, అటవీశాఖ అనుమతికి చిన్నాయన తిరుగుతున్నాడు అన్నాను. ఆయన వెంటనే పర్సు తీసి, నీళ్ల ఖర్చు తనదన్నారు. ఆ రాత్రి ఫోన్‌లో చిన్నాయనకు చెప్పాను. అవతల కాసేపు లెక్కలు వేసుకుంటున్న చప్పుడు. ఎన్ని కాగులు, ఎవరి ట్రాక్టరు, మజ్జిగకు పెరుగు ఎవరింట్లోంచి.

"డబ్బులు వద్దని చెప్పు అబ్బీ, మనూళ్లో పోగవుతాయి. ఆయన్నే రమ్మను. ఆ పని తెలిసిన మనిషి మనకు కావాల" అన్నాడు.